ఐదు పొరల విహారయాత్ర

విహారయాత్ర అంటే విశ్రాంతి అని మీకెవరు చెప్పారండీ? ఎవరు చెప్పినా సరే, వాళ్లు మీ మేలు కోరేవాళ్లు మాత్రం కారు!

ఒకే ఊరికి వెళ్లడం, ఒకే గదిలో దిగడం, కిటికీ పక్కన కుర్చీ లాక్కుని కాళ్లు బారజాపుకుని కూర్చోవడం. దీన్ని విహారం అంటారా? శుద్ధ సోమరితనం అంటారు! అలా కూర్చున్న మనిషికి తీరిక దొరుకుతుంది. తీరిక దొరికితే ఆలోచన మొదలవుతుంది. ఆలోచన మొదలైతే, 'అసలు నేనీ ఉద్యోగం ఎందుకు చేస్తున్నాను?' అనే ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న పుట్టాక కంపెనీలు నడుస్తాయా? లోకం నడుస్తుందా?

అందుకే మన కార్పొరేట్ పెద్దలు ఓ దివ్యమైన ఉపాయం కనిపెట్టారు. ఏడాదంతా ఒళ్లు హూనం చేసుకుని అమ్మకాలు పెంచినవాళ్లకు బహుమతిగా ఓ ట్రిప్పు. ట్రిప్పంటే ఏదో ఒక చోటికి కాదు. ఒకే విసురులో సముద్రం, కొండ, ఎడారి, జలపాతం, షాపింగూ! వాళ్ల భాషలో దీని పేరు మల్టీ డెస్టినేషన్ ఇన్సెంటివ్. గిట్టనివాళ్లు దీన్ని శిక్ష అంటున్నారు. నేను వరం అంటాను. కాదంటారా? అయితే టార్గెట్ బాబాయి సంగతి వినండి, ఆ తర్వాత మాట్లాడండి.

టార్గెట్ బాబాయి ఓ పరుపుల కంపెనీలో సేల్స్ ఆఫీసరు. ఏ ఏడూ టార్గెట్ తప్పిన పాపాన పోలేదు కాబట్టి ఆఫీసులో అందరికీ ఆయన టార్గెట్ బాబాయి. అదే వరసన ఆయన భార్య అందరికీ పిన్ని. జనానికి హాయిగా నిద్ర పట్టేలా చూడటం బాబాయి వృత్తి. తనకు మాత్రం కంటి మీద కునుకు లేదు. పొద్దున డీలర్లు, మధ్యాహ్నం షోరూములు, సాయంత్రం రిపోర్టులు. ఇంట్లో ఉన్నది సొంత కంపెనీ పరుపే. మహా మెత్తన. దాని మీద ఆయన కంటే ఆయన ఫోనే ఎక్కువసేపు పడుకునేది, చార్జింగ్ పెట్టుకుని.

పిన్ని ఓ పెద్దాసుపత్రిలో నర్సు. ఆవిడ డ్యూటీ దిగి ఇంటికొచ్చే వేళకు ఆయన షూ లేసులు కట్టుకుంటూ ఉండేవాడు. ఆయన ఇల్లు చేరే వేళకు ఆవిడ గుమ్మం దాటుతూ ఉండేది. ఒకరు లేచిన చోట ఇంకొకరు పడుకునేవారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ పరుపు ఒక్కరోజు చల్లబడి ఎరగదు.

ట్రిప్పు గెలిచిన వార్త బాబాయి గుమ్మంలోనే చెప్పాడు. అప్పటికి ఆయన లోపలికి వస్తున్నాడు, ఆవిడ బయటికి వెళుతోంది.

"నాకు ఏవేవో చూపించకండీ," అంది పిన్ని, చెప్పులు వేసుకుంటూ. "ఏ ఊరైనా సరే. భోంచేసి, కిటికీ తెరలు లాగేసి, సాయంత్రం దాకా పడుకుందాం. ఇద్దరం. ఒకే మంచం మీద, ఒకే టైములో."

"అంతేనా?"

"అంతే. ఒక్క మధ్యాహ్నం చాలు."

ఎంత చిన్న కోరిక! బాబాయి అక్కడికక్కడే మాటిచ్చేశాడు. ప్లానింగ్ మీటింగ్ ఇంకా జరగలేదన్న సంగతి పాపం ఆయనకు ఆ క్షణాన తట్టలేదు.

ఇక్కడ మీకు ఆ కంపెనీ పద్ధతి ఒకటి చెప్పాలి. వాళ్లు పరుపులు చేసేవాళ్లు కదా, ఏ చిక్కు వచ్చినా వాళ్లకు తెలిసిన మందు ఒక్కటే. ఇంకో పొర వెయ్యడం! పరుపు గట్టిగా ఉందా? పైన ఫోము వెయ్యి. మరీ మెత్తనైపోయిందా? కింద కొబ్బరిపీచు వెయ్యి. వేడిగా ఉందా? దూది వెయ్యి. వేసిన పొరను తీసెయ్యడమనేది ఆ కంపెనీ పుట్టినప్పటి నుంచీ లేదు. ఎందుకంటే ప్రతి పొర వెనకా ఒక మేనేజరుంటాడు. పొర తీస్తే ఆయన మొహం మాడిపోతుంది.

మీటింగుకు బాబాయిని విజేతల ప్రతినిధిగా కూర్చోబెట్టారు. హెచ్చార్ అమ్మాయి లేచి, బోర్డు మీద చిన్న అల గీసింది.

"సార్, సముద్రం ఒడ్డున ఓ రిసార్టు చూశాను. నాలుగు రోజులూ అక్కడే. ప్రోగ్రాములేమీ పెట్టొద్దు. అందర్నీ వాళ్ల మానాన వదిలేద్దాం."

బాబాయికి ఆ పిల్లను చూస్తే కడుపున పుట్టిన కూతురిలా అనిపించింది.

"భేషుగ్గా ఉందమ్మా!" అన్నారు ఎండీగారు. "మరి దీని మీద ఏం వేద్దాం?"

అంతే. పొరలు పడటం మొదలైంది. ఏడాదంతా గోడౌన్ ఉక్కలో ఉడికిపోయే ప్రొడక్షన్ మేనేజరు చల్లటి కొండ కావాలన్నాడు. ఎండల్లో ఎడారి హోటళ్లు కారుచౌకగా వస్తాయని లెక్కల మేనేజరు కనిపెట్టాడు. ఎండల్లో ఎందుకు చౌకో మాత్రం ఎవరూ అడగలేదు. ఎండీగారి శ్రీమతి ఫోన్లోనే షాపింగ్ నగరం వేయించారు. ఇక ట్రావెల్స్ నడిపేది ఎండీగారి తోడల్లుడు. ఆయనకు జలపాతం పక్కన ఓ హోటల్లో వాటా ఉంది. జలపాతం చూడని బతుకూ ఓ బతుకేనా అని ఆయన గద్గద స్వరంతో అన్నాడు.

బోర్డు మీద అమ్మాయి గీసిన అల కనబడకుండా పోయింది. ఆ పిల్ల గొంతు సవరించుకుంది.

"ఇన్ని చోట్లు కలిపితే సార్, మధ్యలో పడుకోడానికి..."

"బస్సుంది కదమ్మా!" అన్నాడు తోడల్లుడు. "మా సీట్లు ఎంత వెనక్కి వాలతాయో తెలుసా?"

చూశారా ఆ ముందుచూపు! మామూలు మనిషికి పడుకోవాలంటే మంచం గుర్తొస్తుంది. పైకొచ్చిన మనిషికి సీటు గుర్తొస్తుంది. ఒక్కసారైనా, 'దీని బదులు అది పెడదాం' అన్న మాట ఆ గదిలో వినబడలేదు. అందరి నోటా, 'ఇది కూడా, అది కూడా' అన్న మాటే. ఎవరి మనసూ నొప్పించని ఇలాంటి మీటింగును మీరెక్కడైనా చూశారా? నొప్పులన్నీ తర్వాత నడుములకు వచ్చాయి, అది వేరే సంగతి.

ట్రిప్పు బయల్దేరింది. గైడు మెడలో ఓ ఈల వేసుకుని వచ్చాడు. అది మామూలు ఈల కాదు, ఎముకల్లో వినబడే ఈల. అది మోగితే దిగాలి, మళ్లీ మోగితే ఎక్కాలి. ఆలస్యమైన వాళ్ల కోసం బస్సు ఆగదు. ఎలా ఆగుతుంది? ముందు ఇంకా బోలెడు చోట్లు నోరు తెరుచుకుని కూర్చుంటే!

మొదట సముద్రం. బస్సు దిగేసరికి ఇసుకలో వరసగా పరుపులు పరిచి ఉన్నాయి! బాబాయి కళ్లు చెమర్చాయి. పిన్ని చెయ్యి పట్టుకుని పరుగులాంటి నడక నడిచి, ఓ పరుపు మీద వాలిపోయాడు. పక్కనే ఆవిడ. పైన ఆకాశం, అవతల అలల చప్పుడు. ఇంతకంటే ఏం కావాలి?

"సార్, కళ్లు మూయకండి! ఫొటోలో బాగోదు!" అని అరిచాడు మార్కెటింగ్ మేనేజరు, కెమెరా వెనక నుంచి. "నవ్వండి. హాయిగా ఉన్నట్టు మొహం పెట్టండి. హాయిగా ఉండకండి, నిద్రొచ్చేస్తుంది!"

ఫొటో అయింది. ఈల మోగింది. పరుపులు లారీ ఎక్కాయి, మనుషులు బస్సెక్కారు. ఈ రెండింటిలో లారీ ఎక్కినవాటికే కాస్త ఒళ్లు వాల్చే వీలుంది.

తర్వాత కొండ. ఇక్కడ కిట్ల సంగతి చెప్పాలి. ఒక్కో చోటికి ఒక్కో కిట్టు అని తోడల్లుడు ఎంతో శ్రద్ధగా సంచులు కట్టించాడు. సముద్రం దగ్గర ఫొటోల హడావుడిలో పంచడం మరిచిపోయారు. అయినా సరే, వరస మాత్రం తప్పకూడదని గైడు పట్టుబట్టాడు. దాంతో సముద్రం కిట్టు కొండ మీద ఇచ్చారు. ఎముకలు కొరికే చలిలో విజేతలందరూ నిక్కర్లు చేతబట్టుకుని, ముక్కుకు ఎండ తగలకుండా క్రీము రాసుకున్నారు. పొగమంచులో పక్కనున్న మనిషే కనబడలేదు. 'ఇచ్చట నుండి లోయ అందముగా కనిపించును' అన్న బోర్డు మాత్రం కనబడింది. అందరూ దాన్నే ఫొటో తీసుకున్నారు.

ఎడారిలో కొండ కిట్టు ఇచ్చారు. స్వెటరూ, మఫ్లరూ, చెవులు మూసే టోపీ! ఆ ఎండకు ఒంటె కూడా లేవనని భీష్మించుకు కూర్చుంది. విజేతలు ఒక్కొక్కరే వెళ్లి, కూర్చున్న ఒంటె మీద కూర్చుని, దిగి వచ్చారు. ఎక్కడికీ తీసుకెళ్లకుండా ఒక్కచోటే ఉండనిచ్చినందుకు బాబాయి ఆ ఒంటె మెడ నిమిరాడు.

ఇక జలపాతం. అక్కడ నల్లటి బండ తప్ప నీటి చుక్క లేదు.

"ఎండలు కదండీ, జలపాతం సెలవులో ఉంది," అన్నాడు గైడు.

ఆ ట్రిప్పు మొత్తం మీద సెలవు దొరికింది దానికొక్కదానికే. వరస ప్రకారం అక్కడ ఎడారి కిట్టు పంచారు. అదొక్కటీ సరిగ్గా సరిపోయింది.

ప్రతి చోటా హోటలుండేది. హోటల్లో గది, గదిలో మంచం, మంచం మీద తెల్లటి దుప్పటి. తాళం తీసేవాళ్లు, మొహం కడుక్కునేవాళ్లు, ఈల మోగేది. వృత్తి ధర్మం కొద్దీ బాబాయి ప్రతి పరుపునూ అరచేత్తో ఒక్కసారి నొక్కి చూసేవాడు.

"బావుందా?" అని అడిగేది పిన్ని, గుమ్మంలో బ్యాగు పట్టుకుని.

"చేతికి బావుంది," అనేవాడు.

ఒక హోటల్లో ఆవిడ దుప్పటి మడత కూడా విప్పింది. ఒక మోకాలు మంచం మీద ఆనించింది. ఈల! ఆ మోకాలు వెనక్కి తీసుకున్నప్పుడు ఆవిడ మొహం చూడలేక బాబాయి కిటికీ వైపు తిరిగాడు. మాటిచ్చిన మనిషి కదా, ఆ మొహం ఎలా చూస్తాడు?

మీరిప్పుడు, 'అయ్యో పాపం' అంటారని నాకు తెలుసు. అనకండి! ఒకే చోట ఉండి ఉంటే ఈ భార్యాభర్తలు ఏం చేసేవారు? పడుకునేవారు. లేచాక ఏం మిగిలేది? ఏమీ లేదు! ఇప్పుడు చూడండి, ఎన్ని అనుభవాలు, ఎన్ని ఫొటోలు, ఎన్ని నడుము పట్టీలు! షాపింగ్ నగరంలో లెక్కల మేనేజరు ఈల భయానికి తొందరపడి రెండు ఎడమకాలి బూట్లు కొన్నాడు. జీవితాంతం చెప్పుకునే జ్ఞాపకం కాదా అది?

తిరుగు ప్రయాణంలో బస్సు దిగి పిన్ని అటునుంచి అటే డ్యూటీకి పోయింది. బాబాయి అటునుంచి అటే ఫీడ్‌బ్యాక్ మీటింగుకు పోయాడు. అందరూ తూలుతూ, అద్భుతం, అమోఘం అన్నారు. బాబాయి వంతు వచ్చింది. ఆయన జన్మలో మొదటిసారి ఎండీగారి ముందు లేచి నిలబడ్డాడు.

"అయ్యా, మళ్లీ గెలిస్తే నాకు ట్రిప్పు వద్దండీ. దాని బదులు..."

గది మొత్తం ఉలిక్కిపడింది. అక్కడ ఎవరూ ఎప్పుడూ వాడని మాట కదా అది!

"...బదులు నాలుగు రోజులు సెలవిప్పించండి. ఇంట్లో పడుకుంటాం. నేనూ మా ఆవిడా."

ఎండీగారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంట్లో ఉన్నది మన పరుపేనా బాబాయ్?"

"మనదేనండీ."

"ఆహా!" అన్నారు ఎండీగారు. "విన్నారటయ్యా? విజేత ఇల్లు! విజేత మంచం! మన పరుపు మీద నిజమైన నిద్ర! ఇన్నేళ్లూ ఇంత మంచి చోటు మన లిస్టులో లేకుండా ఎలా పోయింది? రాయమ్మా, వచ్చే ట్రిప్పులో మొదటి స్టాపు. బాబాయి ఇల్లు కూడా!"

"అయ్యయ్యో, నా ఉద్దేశం అది కాదండీ..."

"మొహమాటపడకు బాబాయ్. మేం టీ తప్ప ఏమీ ముట్టుకోం."

హెచ్చార్ అమ్మాయి రాస్తూ రాస్తూ బాబాయి వైపు ఓ చూపు చూసింది. ఆ చూపులో క్షమాపణ ఉంది. కానీ పెన్ను ఆగలేదు.

ఆ ఏడాది ఎలాగైనా ఓడిపోవాలని బాబాయి కంకణం కట్టుకున్నాడు. షోరూముల్లో నోరు విప్పడం మానేశాడు. అయినా ఏం లాభం? కళ్ల కింద ఆ నలుపూ, నిలబడే జోగే ఆ వాలకమూ చూసి కస్టమర్లు హడలిపోయారు. మంచి పరుపు కొనకపోతే తామూ ఇలాగే అయిపోతామని ఎగబడి కొన్నారు. బాబాయి పాత రికార్డులన్నీ బద్దలు కొట్టి మళ్లీ గెలిచాడు!

చెప్పిన రోజు రానే వచ్చింది. పిన్ని డ్యూటీ దిగి, ఇంకా యూనిఫాం అయినా మార్చుకోకుండా వంటింట్లో మంచినీళ్లు తాగుతోంది. వీధిలో బస్సు ఆగిన చప్పుడు. ఆ వెంటనే ఈల!

"మొదటి స్టాపు! విజేత ఇల్లు! అరగంటే టైము!"

గుమ్మం నిండా బూట్లు. హాలు నిండా మనుషులు. పక్కింటివాళ్లు బాల్కనీల్లోకి వచ్చి నోరెళ్లబెట్టి చూస్తున్నారు. ఒకాయన ఫ్రిజ్జుతో సెల్ఫీ దిగాడు. లెక్కల మేనేజరు వ్యూపాయింట్ ఎటని అడిగితే ఎవరో బట్టలారేసిన వరండా చూపించారు. బాత్రూము ముందు క్యూ మెట్ల దాకా వెళ్లింది. తోడల్లుడు అందరికీ కిట్లు పంచాడు. ఈసారి పొరపాటు జరక్కూడదని ఒక స్టాపు ముందే పంచాడు. బాబాయి ఇంటి హాల్లో విజేతలందరూ నల్ల కళ్లజోళ్లు పెట్టుకుని, నడుముకు ఈత ట్యూబులు తగిలించుకున్నారు.

"ఇంటి విజేతలు మంచం మీదికి రావాలి!" అన్నాడు మార్కెటింగ్ మేనేజరు.

బాబాయీ పిన్నీ సొంత పడగ్గదిలోకి దారి అడుక్కుంటూ వెళ్లి, సొంత మంచం మీద, సొంత పరుపు మీద పడుకున్నారు. ఇద్దరూ. ఒకే టైములో. మంచం చుట్టూ ఈత ట్యూబులు.

"కళ్లు మూయకండి సార్! ఫొటోలో..."

బాబాయి మూసేశాడు. ఫొటో అయ్యేలోపే గురక వినబడింది. ఈల మోగింది. గురక ఆగలేదు. మళ్లీ మోగింది. వీధి చివర కుక్కలు లేచాయి గానీ బాబాయి లేవలేదు.

"లేపవయ్యా, సముద్రానికి టైమైపోతోంది," అన్నారు ఎండీగారు. గైడు ఈల నోట్లో పెట్టుకుని బాబాయి చెవి దగ్గరికి వంగాడు.

పిన్ని లేచి కూర్చుంది. ఆవిడ గొంతు పెంచలేదు. వార్డుల్లో మంచాల చుట్టూ మూగిన చుట్టాలతో ఇన్నేళ్లూ ఎలా మాట్లాడిందో అలాగే మాట్లాడింది.

"విజిటర్స్ టైము అయిపోయింది. అందరూ బయటికి వెళ్లండి. చప్పుడు చెయ్యకండి, పేషెంటు పడుకున్నారు."

ఆ యూనిఫాంకీ ఆ గొంతుకీ ఎదురు చెప్పే మగాడు ఇంకా పుట్టలేదు. గైడు ఈల జేబులో పెట్టేసుకున్నాడు. అందరూ బూట్లు చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద, ఈత ట్యూబులు గుమ్మంలో ఇరుక్కోకుండా పక్కకు తిరిగి బయటికి నడిచారు. ఎండీగారు ఒక్కరే ఆగి గుసగుసగా అడిగారు.

"అమ్మా, అసలు విజేతలు మీరే కదా. మీరు రాకపోతే ఎలా?"

"మేం ఇక్కడే ఉంటామండీ. ఇది మా ఇల్లు," అంది పిన్ని, పడగ్గది తలుపు మెల్లగా వేస్తూ.

ఎండీగారు తలుపు వైపు చూశారు, వాచీ వైపు చూశారు. అవతల సముద్రం, కొండ, ఎడారి, జలపాతం, నగరం! బస్సు ఎవరి కోసమూ ఆగదు కదా, వెళ్లిపోయింది. పిన్ని కిటికీ తెరలు లాగింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పడానికి ఏమీ లేదు. అదే దాని గొప్పతనం.

సాయంత్రానికి బాబాయి ఫోనుకు ఎడారి దారిలోంచి ఓ మెమో వచ్చింది. విశ్రాంతి కార్యక్రమంలో ముందస్తు అనుమతి లేకుండా నిద్రపోయినందుకు వెంటనే సంజాయిషీ ఇవ్వాలట! ఇద్దరిలో ఎవరూ లేవలేదు కాబట్టి దాన్ని ఎవరూ చదవలేదు.

ఇప్పుడు చెప్పండి, ఈ ట్రిప్పులు వరమా కాదా? ఆ కంపెనీ గనక మీరనుకునే పాతకాలపు పద్ధతిలో ఒకే చోటికి ట్రిప్పు వేసి, ఆ చోటు బాబాయి ఇల్లే అయ్యుంటే? నాలుగు రోజులూ ఆ హాల్లోనే తిష్ట వేసేవాళ్లు కారూ! అందుకని మీ యాజమాన్యం ట్రిప్పు ప్లాన్ చేస్తుంటే అడ్డం చెప్పకండి. ఇంకో ఊరు కలపమనండి, వీలైతే ఇంకో రెండు కలపమనండి. నాలుగు రోజుల సెలవు అడిగితే వాళ్లు ఎలాగూ ఇవ్వరు. వాళ్లు ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నంతసేపే మనకు ఇంట్లో నిద్ర!